సూది ఆగిన చోటు

అమ్మ పోయిన నాలుగేళ్ళకి, పోయిన వేసవిలో, పాలకొల్లు దగ్గర మా ఊళ్ళోని ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఇల్లు అమ్మకం సంగతి అన్నయ్య చూసుకున్నాడు. అటక మీద సామాను దింపి ఏరే పని, మామూలే, ఆడవాళ్ళకి మిగిలింది. ఇత్తడి బిందెలు ఎవరికి, మంచాలు ఎవరికి, పుస్తకాలు ఎవరికి అన్నవి గంటలో తేలిపోయాయి. ఎవరికీ అక్కర్లేకుండా మిగిలింది ఒక ట్రంకు పెట్టె. తెరిస్తే ఎప్పటివో కలరా ఉండల వాసన.

అందులో ఉన్నవాటిని వరసగా చెప్తాను. మ్యాటీ గుడ్డ మీద సగం కుట్టిన చిలక. ఫ్రేములో బిగించినట్టే ఉండిపోయిన దిండు గలీబు, దాని చుట్టూ ఫ్రేము మరలు వదిలిన తుప్పు మరక. ఒక చెయ్యి లేని చంటిపిల్ల స్వెట్టరు. బొంత కోసం కత్తిరించి పెట్టుకున్న చీర ముక్కలు. అడుగున, పాత వారపత్రిక కాగితాల్లో చుట్టిన తెల్లటి లేసు పూల పొట్లాలు మూడు. మూడో పొట్లంలో ఒక పువ్వు పూర్తి కాలేదు. దారం ఉండ, లేసు సూది దానికే వేలాడుతున్నాయి.

“పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే అతనికి వేసేద్దామా వదినా” అంది మరదలు. ఇంజినీరింగు చదివిన మేనకోడలు మాత్రం లేసు పూలు చూసి ముచ్చటపడి, “ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటానత్తా” అంది. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పినదాన్ని కదా, నాకు మూడో ఆలోచన వచ్చింది. వీటిని చదవాలి అనుకున్నాను. ఆ చదవడంలో నేను చేసిన పొరపాటు గురించే ఈ వ్యాసం.

ముందు నా చిలక సంగతి. అది నా చేతిపనే. పదో తరగతి అయిన సెలవుల్లో మొదలుపెట్టాను. మా తరం ఆడపిల్లలకి కుట్లు అల్లికలు నేర్పింది ఎందుకో మనందరికీ తెలుసు. పెళ్ళిచూపుల్లో అడిగే ప్రశ్నల్లో అదొకటి. పాట వచ్చా, వంట వచ్చా, కుట్లు అల్లికలు వచ్చా. కాడ కుట్టు, గొలుసు కుట్టు, సింధీ కుట్టు నేర్చుకోవడమంటే వంచిన తల ఎత్తకుండా గంటలకొద్దీ కూర్చోవడం నేర్చుకోవడమే. ఇంటర్లో చేరాక ఒకరోజు చిలక ముక్కు దగ్గర సూది గుచ్చి వదిలేశాను. మళ్ళీ ముట్టుకోలేదు. చాలా కాలం దాన్ని నా మొదటి తిరుగుబాటుగా చెప్పుకున్నాను, ఒకటి రెండు సభల్లో కూడా.

రొజికా పార్కర్ 1984లో రాసిన ‘ది సబ్వర్సివ్ స్టిచ్’ చదివినప్పుడు ఆ గర్వం కొంచెం చెదిరింది. పార్కర్ వాదన రెండువైపులా పదునున్నది. ఎంబ్రాయిడరీ చరిత్రా, స్త్రీత్వాన్ని తయారుచేసిన చరిత్రా ఒకదానితో ఒకటి అల్లుకుని ఉన్నాయంటుంది. మగవాళ్ళు బయట చేసేది కళ, ఆడవాళ్ళు ఇంట్లో చేసేది చేతిపని అన్న విభజన ఎలా స్థిరపడిందో చూపిస్తుంది. అక్కడే ఆగదు. ఆడపిల్లని అణకువలో పెట్టడానికి చేతికిచ్చిన ఆ సూదితోనే స్త్రీలు తమకి కావలసిన అర్థాలు కుట్టుకున్నారని కూడా అంటుంది. నేను మొదటి సగం మాత్రమే పట్టుకున్నాను. చిలకని వదిలేసినప్పుడు నేను పితృస్వామ్యాన్నే కాదు, అమ్మ చేతిపనిని కూడా చిన్నచూపు చూశాను. పుస్తకం పట్టుకున్న నేను గొప్ప, సూది పట్టుకున్న అమ్మ వెనకబడింది అన్న మెట్లు నా స్త్రీవాదంలో చాలా కాలం ఉన్నాయి.

సగంలో ఆగిన కుట్టుని చదవడం గురించి ప్రపంచ సాహిత్యంలో అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది సుసాన్ గ్లాస్పెల్ నాటిక ‘ట్రైఫిల్స్’ (1916). మరుసటి ఏడాది ఆమే దాన్ని ‘ఎ జ్యూరీ ఆఫ్ హర్ పీర్స్’ అన్న కథగా రాసింది. విలేఖరిగా ఉన్న రోజుల్లో అయోవా రాష్ట్రంలో తాను వార్తలు రాసిన ఒక హత్య కేసు దానికి ఆధారం. జాన్ రైట్ అనే రైతు నిద్రలోనే మెడకి తాడు బిగిసి చనిపోయాడు. భార్య మిన్నీ జైల్లో ఉంది. షెరీఫూ, ప్రభుత్వ న్యాయవాదీ సాక్ష్యం కోసం ఇల్లంతా వెతుకుతుంటారు. వాళ్ళతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, మిసెస్ హేల్, మిసెస్ పీటర్స్, వంటింట్లో కూర్చుంటారు. వాళ్ళకి మిన్నీ కుడుతున్న బొంత ముక్కలు కనిపిస్తాయి. ఈ బొంత ఎలా పూర్తి చెయ్యాలనుకుందో అని మాట్లాడుకుంటే మగవాళ్ళు నవ్వుతారు. అల్ప విషయాలు మరి. ఆ ముక్కల్లో అన్నిటి కుట్టూ చక్కగా ఉంటుంది. ఆఖరి ముక్కలో మాత్రం కుట్లు ఎటు పడితే అటు పోతాయి. ఆ చెయ్యి ఎందుకు వణికిందో వాళ్ళిద్దరికీ అర్థమవుతుంది. తర్వాత, మెడ విరిచి చంపేసిన పిట్ట ఒకటి కుట్టు సామాను బుట్టలో అందమైన పెట్టెలో దొరుకుతుంది. మగవాళ్ళు మేడంతా తిరిగి కనుక్కోలేని కారణం అది.

1980ల్లో ఆనెట్ కొలోడ్నీ, జూడిత్ ఫెటర్లీ వంటి స్త్రీవాద విమర్శకులు ఈ రచనని చదవడం గురించిన కథగా చదివారు. ఆడవాళ్ళ జీవితం తెలియని చూపుకి ఆడవాళ్ళ పాఠం కనపడదు. ఈ వ్యాఖ్యానాన్నే నేనూ ఏళ్ళ తరబడి తరగతిలో చెప్పాను. కానీ ట్రంకు పెట్టె ముందు కూర్చున్నప్పుడు, ఎప్పుడూ హడావిడిగా దాటేసే ఒక చిన్న ఘట్టం నన్ను పట్టుకుంది. వంకరకుట్లు కనపడగానే మిసెస్ హేల్ ఏం చేస్తుంది? ఆ కుట్లు విప్పేసి, సూది తీసుకుని చక్కగా మళ్ళీ కుట్టడం మొదలెడుతుంది. మిన్నీని కాపాడాలనే ఆ పని చేసింది. కాపాడింది కూడా. అయితే మిన్నీ తన చేత్తో చెప్పుకున్న ఒకే ఒక్క మాట ఆ విప్పిన దారంతో పోయింది. స్నేహంతోనే, ప్రేమతోనే పోయింది. మరో స్త్రీ ఆపిన పనిని పూర్తి చెయ్యడం, సరిచెయ్యడం అన్నది ఒక్కోసారి చెరిపెయ్యడం కూడా అవుతుందని గ్లాస్పెల్ ఎంత నిశ్శబ్దంగా చెప్పింది!

ఇప్పుడు లేసు పూల దగ్గరికి వస్తాను. నేను వాటిని చదివిన తీరు ఇది. అమ్మ పెద్ద టేబుల్ క్లాత్ ఒకటి అల్లాలనుకుంది. పూలు అల్లుకుంటూ పోయింది. మేం నలుగురు పిల్లలం, అత్తమామలు, గొడ్లూ, వంటా. ఎక్కడో తీరిక కరువై ఆగిపోయింది. టిల్లీ ఒల్సెన్ ‘సైలెన్సెస్’ (1978)లో చెప్పిన, బతుకు అడ్డుపడి రాయలేకపోయిన రచనల్లాగే ఇదీ అమ్మ రాయలేకపోయిన కావ్యం అనుకున్నాను. మనసులో వ్యాసం కూడా సగం తయారైపోయింది. ఆ సాయంత్రం పిన్ని వచ్చింది. పొట్లాలు చూపించి, అమ్మ టేబుల్ క్లాత్ ఎందుకు పూర్తి చెయ్యలేదని అడిగాను.

పిన్ని నవ్వింది. “టేబుల్ క్లాతేంటే, మన ఇంట్లో టేబులెక్కడుంది? అవి అతనికి ఇవ్వాల్సిన పూలు” అంది.

పొట్లం కాగితం లోపలివైపు పెన్సిలుతో ‘12, 12, 9’ అని ఉన్నది అప్పుడు నాకు కనపడింది. దారం తూకం వేసి ఇచ్చే అతను ఒకడు వచ్చేవాడట. ఆ దారంతో పూలు అల్లి డజన్ల లెక్కన తిరిగి ఇవ్వాలి. ఆ పూలని కలిపే అతుకుపని ఇంకెవరో చేసేవారు. కలిపాక ఏమయ్యేవో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరిచేవారో అమ్మ ఎప్పుడూ చూడలేదు. అమ్మ అల్లినవి అసంపూర్ణమైన పూలు కావు. ఆ ఒక్కటి తప్ప అన్నీ పూర్తయినవే. టేబుల్ క్లాత్ అన్న సంపూర్ణ రూపం నా ఊహ.

“నాన్నకి తెలుసా పిన్నీ?”

“తెలీకేం? తెలిసినట్టు ఉండకూడదు, అంతే.”

మరియా మీస్ రాసిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ (1982) నా పుస్తకాల అలమరలో ఉన్నదే. ఒక సెమినార్ పత్రంలో దాని గురించి రాశాను కూడా. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని గోదావరి డెల్టాలో ఎలా పరిశ్రమ అయిందో, 1970ల చివర్లో మీస్ ఆ గ్రామాల్లో తిరిగి పరిశీలించింది. స్త్రీలు ఇంటిచాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. సరుకు విదేశాలకి ఎగుమతయ్యేది. వ్యాపారం, లాభం మగవాళ్ళవి. అల్లేవాళ్ళు మాత్రం జనాభా లెక్కల్లో కార్మికులు కారు, గృహిణులు. ఇంట్లో కూర్చుని తీరిక సమయంలో చేసే పని అన్న పేరే ఆ కూలిని అంత తక్కువగా ఉంచగలిగిందన్నది మీస్ ప్రధాన వాదన. స్త్రీని గృహిణిగా నిర్వచించడం సంప్రదాయపు అవశేషం కాదు, ప్రపంచ మార్కెట్టుకి పనికొచ్చే ఏర్పాటు అంటుంది. ‘పొద్దుపోక అల్లుకునేది’ అని మా ఇంట్లో అందరం అన్నాం. నేనూ అన్నాను.

మీస్ చెప్పిన ఇంకో సంగతి మరింత గుచ్చుకునేది. పొలం పనికి వెళ్ళే దళిత స్త్రీల రోజు కూలి లేసు అల్లే స్త్రీలకి వచ్చేదానికన్నా ఎక్కువ. అయినా గడప దాటకుండా పనిచేస్తున్నామన్న మర్యాద ఈ స్త్రీలకి పెద్ద ఆస్తి. ఆ మర్యాద పేరు కులం. అమ్మ తన పనిని దాచింది బీదతనం కనపడకూడదనే కాదు, పొలానికి వెళ్ళే ఆడవాళ్ళతో తనని ఒక గాటన కట్టకూడదని కూడా. ఆ దాపరికానికి మూల్యం తన కూలిలోంచే చెల్లించింది. అమ్మని బాధితురాలిగా మాత్రమే రాస్తే ఈ ముక్క జారిపోతుంది. ఇక నా సెమినార్ పత్రం మాట. అందులో లేసు కార్మికుల్ని మొదటి నుంచి చివరిదాకా ‘వారు’ అనే రాశాను. ‘వారి’లో ఒకరు మా వంటింటి గుమ్మం దగ్గర, వెలుతురు కోసం కాస్త వంగి కూర్చుని ఉండేది. నేను ఆవిణ్ణి దాటుకుంటూ కాలేజీకి వెళ్ళాను.

మరి ఆ ఆఖరి పువ్వు ఎందుకు ఆగింది? పిన్ని చెప్పింది ఇది. ఒక ఏడు అతను డజనుకి ఇచ్చే రేటు తగ్గించాడు. అమ్మ ఒప్పుకోలేదు. అల్లినవి ఇవ్వనంది. అతను మళ్ళీ రాలేదు, ఈవిడ కబురు పెట్టలేదు. “దారం అతనిదే కదా, లెక్క తేలలేదు. ఎప్పుడైనా వచ్చి అడుగుతాడని అటక మీద పెట్టేసింది” అంది.

ఈ మాట వినగానే నాలో విమర్శకురాలు లేచి కూర్చుంది. ఒంటరి సమ్మె! రేయి విప్పి పగలు నేసిన పెనెలొపీలాగా, పని పూర్తి చెయ్యకపోవడమే ఆయుధంగా చేసుకున్న స్త్రీ! కానీ టేబుల్ క్లాత్‌ని కూడా నేనే కదా ఊహించింది. పిన్ని చెప్పింది యాభై ఏళ్ళ నాటి జ్ఞాపకం. అప్పటికే అమ్మకి సాయంత్రం పూట కళ్ళు ఆనేవి కావని కూడా పిన్నే అంది. రేటుకి కోపమొచ్చి ఆపిందో, చూపు ఆనక ఆపిందో, రెండూ కలిశాయో. ఆ సూది దగ్గర నా ప్రశ్న ఆగాలి. నాకు ధీర కావాలి గనక అమ్మని ధీరని చేస్తే నేనూ మిసెస్ హేల్‌లాగే కుట్లు సరిచేస్తున్నట్టు.

ఇది మా ఇంటి ట్రంకు పెట్టెకే పరిమితమైన సమస్య కాదు. స్త్రీల సాహిత్య చరిత్ర రాసుకుంటున్న మనందరిదీ. పద్ధెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ సంగతి గుర్తుచేసుకోండి. 1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు లేవు, ఆమె తన గురించి చెప్పుకున్న పీఠిక లేదు. పరిష్కర్త దృష్టిలో అది సరిచేసిన కావ్యం. బెంగుళూరు నాగరత్నమ్మ మాతృక సంపాదించి, పోయిన భాగాలు చేర్చి 1910లో ప్రచురిస్తేగానీ కత్తిరించిన చోటు మనకి కనపడలేదు. ఆ తర్వాత ప్రభుత్వం దాన్ని నిషేధించిన కథా తెలిసిందే. అక్కడ అశ్లీలమని తీసేశారు. మనం గౌరవంతో, ఆరాధనతో తీసేస్తాం. మన తొలితరం రచయిత్రుల్ని మన కాలపు స్త్రీవాదులుగా చూపించాలన్న తొందరలో వాళ్ళ తడబాట్లు, కులం, పాతివ్రత్యం మీద వాళ్ళ నమ్మకం, ఇవన్నీ వంకరకుట్లలా కనపడి విప్పేస్తాం. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’కి తలపెట్టిన భాగాలన్నీ పూర్తి కాకుండానే భండారు అచ్చమాంబ 1905లో, ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకుండానే మరణించింది. ఆమె బతికుంటే ఏం రాసేదో మనం పూరించనక్కర్లేదు. రాసినంతలో ఆమె చెయ్యి ఎక్కడ స్థిరంగా ఉందో, ఎక్కడ వణికిందో చూస్తే చాలు.

దాచడానికీ పద్ధతి ఉంది. ఆలిస్ వాకర్ ‘ఎవ్రీడే యూజ్’ (1973) కథలో చదువుకుని పట్నం నుంచి వచ్చిన పెద్దకూతురు, అమ్మమ్మ బట్టల ముక్కలతో కుట్టిన బొంతల్ని గోడకి వేలాడదీసుకుంటానని అడుగుతుంది. చెల్లెలు మ్యాగీ వాటిని రోజూ కప్పుకుని పాడుచేస్తుందని ఆమె బాధ. తల్లి బొంతలు తీసి మ్యాగీకే ఇస్తుంది. ఎందుకంటే మ్యాగీకి బొంత కుట్టడం వచ్చు. ఈ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ మ్యాగీ పక్షాన మాట్లాడాను. మేనకోడలు ఫ్రేము అన్నప్పుడు మాత్రం నేను ఏ కూతుర్నో నాకు తెలిసింది. లేసు అల్లడం నాకు రాదు. అమ్మ నేర్పుతానంటే తల తిప్పుకున్నదాన్ని. చీర ముక్కలు మరదలు తీసుకుంది, బొంత కుట్టిస్తానంది. సంతోషమే, అవి కప్పుకోవడానికే కత్తిరించినవి. లేసు పూలు మాత్రం వేరు. అవి ఎవరి వాడకానికీ అల్లినవి కావు, అమ్మకానికి అల్లినవి. అద్దం వెనక పెడితే కళాఖండాలవుతాయి గానీ, వాటి వెనకున్న తూకం, డజన్ల లెక్క, తగ్గించిన రేటు కనపడకుండా పోతాయి. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరు దక్కింది, సంతోషించాల్సిందే. ఆ పేరులో అల్లిన చేతుల లెక్క ఎక్కడుందని అడుగుతూ ఉండాల్సిందే.

చివరికి నేను చేసింది చాలా మామూలు పని. మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక తెల్లకాగితం మీద జాబితా రాశాం. పొట్లాలు మూడు. పూలు ముప్ఫై మూడు, చివరిది పూర్తి కాలేదు. కాగితం మీద అంకెలు అమ్మ చేతివే. పిన్ని చెప్పిన మాటలు, ఆమె చెప్పినవే అని ఆమె పేరుతో. రేటు ఎంత ఉండేదో తెలియదు. ఎందుకు ఆపిందో తెలియదు. నా చిలక గురించి కూడా ఒక వాక్యం రాశాను. తిరుగుబాటు అన్న మాట రాయలేదు. ఇంటర్లో చేరాక వదిలేశాను అని రాశాను.

పొట్లం కట్టబోతుంటే పిన్ని ఆఖరి పువ్వు చేతిలోకి తీసుకుంది. రెండు వరసలు వేస్తే అయిపోతుందంది. వద్దులే పిన్నీ, అలాగే ఉండనీ అన్నాను. ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా నేనూ చెప్పలేకపోయాను. “సరే, ఆ సూది మాత్రం నాకివ్వు. నాది ఎప్పుడో పోయింది” అంది.

సూది తీసి ఇచ్చాను. జాబితాలో చివరి వరస కొట్టేసి మళ్ళీ రాశాను: దారం ఉండ పొట్లంలో ఉంది, సూది పిన్ని దగ్గర ఉంది.